ఊపిరి పాత్ర, దాని శుద్ధి చరిత్ర



రాజుల చరిత్రలు, యుద్ధముల చరిత్రలు మనము చాల వినియున్నాము. ఇప్పుడు నేను చెప్పబోవునది ఒక చిన్న గిన్నె చరిత్ర. ఆయాసపడు మనుష్యుని నోటికడకు ఔషధమును గాలితో కలిపి చేర్చు గిన్నె అది. ఒకప్పుడు అట్టి గిన్నె పట్టణపు టాసుపత్రులలో తప్ప కానరాకుండెను. నేడు మన పల్లెలలో సైతము గూటిలో దేవుని పటము ప్రక్కనే నెబ్యులైజరు పెట్టె యుండుట చూచుచున్నాము. కొన్ని యిండ్లలో మంచము ప్రక్కన రాత్రియంతయు గుఱ్ఱుమని మ్రోయుచు ఆక్సిజను యంత్రము నడచుచున్నది. కట్టెల పొయ్యి ముందు కూర్చుండి ఊదుగొట్టముతో ఊది యూది నలువది యేండ్లు పొగ మ్రింగిన తల్లులకును, చుట్ట విడువజాలని తాతలకును, ఉత్తరాంధ్రమున అడ్డపొగ త్రాగిన అవ్వలకును ముసలితనమున తోడుగా నిలిచినవి ఈ యంత్రములే. ఊపిరితిత్తులలోని గొట్టములు ఇఱుకై, వాని కొనలనున్న గాలి తిత్తులు చెడి, పోయిన బలము మరల రాని వ్యాధి వారిది. వైద్యులు దానిని సి.ఓ.పి.డి. అని పొడియక్షరములతో పిలుచుచున్నారు.

యంత్రము కొన్నవారు దాని వెల యడుగుదురు. అది యెన్నాళ్లు పనిచేయునో, కరెంటు ఎంత కాలునో యడుగుదురు. దానిని ఎట్లు కడుగవలెనని యడిగినవారిని మాత్రము నేను మిక్కిలి తక్కువగా చూచితిని. ఈ కడుగుట యను చిన్నపని వెనుక రెండువందల యేబది యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో కొందఱి ప్రాణములు కూడ పోయినవి. అందుచేతనే ఈ విషయమును నేటి ప్రసంగమునకు ఎన్నుకొంటిని.

మన ప్రాచీనులతో మొదలుపెట్టుదును. చరకసంహితలో సూత్రస్థానమునందలి యైదవ యధ్యాయమున ధూమపానవిధి కలదు. ఇది చుట్ట కాల్చుట వంటిది కాదు. ఓషధులను నూఱి, వత్తిగా చేసి యెండబెట్టి, నేతితో తడిపి వెలిగించి, ఆ పొగను ఒక గొట్టముతో పీల్చుట. ఆ గొట్టమునకు ధూమనేత్రమని పేరు. దాని పొడవెంత, దానిని ఎట్టి ద్రవ్యముతో చేయవలెను, కొన రంధ్రము ఎంత సన్నముగా నుండవలెను అనునదంతయు అందు వివరింపబడినది. పొగ దూరము నుండి గొట్టపు కణుపులు దాటి సన్ననై వచ్చుటచే ఇంద్రియములను బాధింపదని కారణమును గూడ చెప్పిరి. పాత్ర యొక్క ఆకారమును బట్టి మందు యొక్క గుణము మాఱునని యెఱిగిన బుద్ధి అది. అయితే గొట్టమును శుద్ధిచేయుట వారికి పెద్ద సమస్య కాలేదు. నిప్పులోనుండి పుట్టిన పొగ యందు క్రిములు బ్రదుకవు; గొట్టము లోపల తడి నిలువదు. ఈ రెండు మాటలను, నిప్పు, తడి అను రెండు మాటలను, శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక. తరువాతి కథయంతయు వాని చుట్టును తిరుగును.

ఈ పొగ విద్య మన తీరము నుండి సముద్రము దాటిన వృత్తాంతము చెప్పక ముందుకు పోజాలను. పదునెనిమిదవ శతాబ్దపు చివర చెన్నపట్టణమున జేమ్సు ఆండర్సను అను ఇంగ్లీషు కొలువులోని వైద్యుడుండెను. ఆయన కుంపిణీవారి ఫిజీషియను జనరలు; సైదాపేటలో తోట పెంచిన వృక్షశాస్త్రజ్ఞుడు. ఈ దేశమున ఉబ్బసరోగులు ఉమ్మెత్త పొగ పీల్చుట ఆయన గమనించి, జెంటు అను సేనానికి తెలిపెను. ఆ సేనాని మూలముగ 1802లో ఆ వార్తయు ఆ మూలికయు బ్రిటనునకు చేరినవి. తరువాతి నూఱేండ్లలో ఐరోపా యందు ఉమ్మెత్తజాతి యాకులతో చుట్టిన ఉబ్బసపు సిగరెట్లు అంగళ్లలో అమ్ముడుపోయినవి. ఆ జాతి మొక్కలలో నుండు అట్రోపిను అను సారమును రసాయనజ్ఞులు వేఱుపఱచిరి. దానిని మార్చి చేసిన ఇప్రట్రోపియము అను మందు నేడు మన నెబ్యులైజరు గిన్నెలలో పోయుచున్న మందులలో నొకటి. కావున ఆ చుక్కలలో మన చెన్నపట్టణపు వీథి వైద్యము యొక్క వాసన కొంత కలదు. ఇది విని యెవరును ఉమ్మెత్త కోయబోకుడు. ఉమ్మెత్త విషము. మాత్ర తప్పినచో మతి చెడును, ప్రాణము పోవును.

పొగ తరువాత ఆవిరి వచ్చినది. ఇంగ్లాండులో ప్లిమత్ అను రేవుపట్టణమున జాన్ మడ్జి అను వైద్యుడు 1778లో దగ్గు గుఱించి ఒక చిన్న గ్రంథము ప్రకటించి, అందు తాను చేయించిన పాత్రను వర్ణించెను. అది కల్లు, సారాయి త్రాగు మూతగల లోహపు చెంబు వంటిది. చెంబు పిడికి రంధ్రములు వేయించి, మూతకు ఒక గొట్టము పెట్టించెను. రోగి గొట్టము ద్వారా పీల్చగా, బయటి గాలి పిడి రంధ్రములలో దూఱి, వేడినీటి గుండ బుడబుడమని పోయి, ఆవిరితో కలిసి నోటికి చేరును. నేడు మనవారు కూడ ఇన్‌హేలరు అని పలుకుచున్న మాటను ఈ పాత్రకు పేరుగా వాడినవాడు ఆయనయే. తరువాత 1860ల నాటికి నెల్సను పేరుతో పింగాణి కూజాలు వచ్చినవి; అందును మూతకు గాజు గొట్టమే. ఈ పాత్రలలో ఒక గుణము కలదు. ప్రతిమాఱును కాగిన నీరు క్రొత్తగా పోయవలెను. చల్లారిన నీరు పనికిరాదు గనుక పాఱబోయవలెను. క్రిమి యనునది యొకటి కలదని మడ్జికి తెలియదు. ఐనను ఆయన రోగి ప్రతిదినమును తనకు తెలియకయే పాత్రను చాలవఱకు శుద్ధిచేసికొనుచుండెను.

చిక్కు చన్నీటితో మొదలయ్యెను. ఫ్రాన్సు దేశమున ఔషధగుణముగల ఊటల యొద్దకు రోగులు పోయి, ఆ నీటి తుంపరను పీల్చు వాడుక యుండెను. ఊటకడకు పోలేని రోగికి ఆ తుంపరను ఇంటికి చేర్చుట యెట్లని సాల్సు జిరోన్సు అను పారిసు వైద్యుడు ఆలోచించి, 1858లో ఒక చేతిపంపు యంత్రము చేసెను. మనము సైకిలుకు గాలి కొట్టినట్లు పిడిని లాగి త్రోయగా, ద్రవము సన్నని రంధ్రము గుండ వెడలి, ఒక పలకకు కొట్టుకొని పొగమంచువలె చెదరును. నిప్పు అక్కఱలేదు, కాచుట అక్కఱలేదు. మందు వేడికి చెడునను భయము లేదు. నేటి నెబ్యులైజరునకు తాత ఈ యంత్రమే. అదే పారిసులో, ఆ సంవత్సరములకు చేరువలోనే, లూయీ పాస్టరు హంసమెడవంటి వంపు గొట్టముగల గాజుబుడ్లలో పులుసులు కాచి యుంచి, గాలిలోని దుమ్ముతో వచ్చు సూక్ష్మజీవులే వానిని చెఱచుచున్నవని నిరూపించుచుండెను. ఒకే పట్టణమున ఒకరు నీటిని మంచుగా చేయుచుండిరి. మఱియొకరు నీటిలో పెరుగు జీవములను చూపుచుండిరి. ఈ రెండు విద్యలు రోగి మంచముకడ కలిసికొనుటకు నూఱేండ్లు పట్టెను.

నడుమ ఒక విచిత్రము జరిగినది. శస్త్రవైద్యమున క్రిములను చంపవలెనని మొట్టమొదట పట్టుపట్టిన జోసెఫ్ లిస్టరు, 1865లో గ్లాస్గో నగరమున కార్బాలిక్ ఆమ్లమును గాయములకు వాడ నారంభించెను. పాస్టరు మాటలను బట్టి క్రిములన్నియు గాలినుండియే వచ్చునని తలంచి, 1871 ప్రాంతమున ఆయన తుంపరపాత్రను తెచ్చి శస్త్రచికిత్స జరుగు గదియంతయు కార్బాలిక్ మంచుతో నింపజొచ్చెను. వైద్యుల చేతులు కాలెను, కండ్లు మండెను, దగ్గు పట్టెను. గాలికంటె చేతులును పరికరములును గుడ్డలును ముఖ్యమని క్రమముగ తెలిసి, 1890 నాటికి ఆయనయే దానిని విడిచిపెట్టెను. క్రిములను చంపుటకై పట్టిన పాత్ర తానే క్రిములకు వాహనము కాగలదను నెఱుక యింకను రావలసియుండెను.

ఇరువదవ శతాబ్దపు మొదట రబ్బరు బుడగ నొక్కు గాజు పాత్రలు వచ్చినవి. రోగి తన చేతితో నాలుగైదుమాఱులు నొక్కి, పీల్చి, ప్రక్కన పెట్టును. వానిని గుఱించి విస్తరింపను. పెద్ద మార్పు 1950ల తరువాత ఆసుపత్రులలో వచ్చినది. 1952లో కోపెన్‌హేగను నగరమున పోలియో ప్రబలినప్పుడు వైద్యవిద్యార్థులు వంతులు వేసికొని, రేయుంబవళ్లు రోగుల కంఠములలో అమర్చిన గొట్టముల గుండ చేతిసంచులతో గాలి యెక్కించి పెక్కుమందిని బ్రదికించిరి. ఆ చేతుల పనిని తరువాత యంత్రములు చేయ నారంభించినవి. యంత్రపు గాలి పొడిగా నుండును. పొడిగాలి ఊపిరి గొట్టములను ఎండగట్టును. కావున దానిని తడిపి పంపుటకు పెద్ద పెద్ద నీటితొట్లుగల నెబ్యులైజరులను ఆ యంత్రములకు తగిలించిరి. గదియందలి చల్లని నీరు, దినములకొలది తొట్టిలో నిలిచిన నీరు, మంచుగా మాఱి తిన్నగా ఊపిరితిత్తుల లోతునకు పోయెను.

ఆ కాలమున ఆసుపత్రులలో ఒక క్రొత్త న్యుమోనియా కనబడెను. అది ఊపిరితిత్తిని కుళ్లజేయునది. అమెరికాలో డల్లాసు నగరమున రైనార్జు, పియర్సు, శాన్‌ఫర్డు మొదలగు వైద్యులు కారణము వెదకుచు ఆ తొట్ల నీటిని పరీక్షించిరి. అందు నీటియందు వర్ధిల్లు క్రిములు విస్తారముగ పెరుగుచుండెను. యంత్రము విడుచు మంచులో కూడ అవి దొరకినవి. 1965లో ఈ సంగతిని వారు ప్రకటించిరి. తొట్లను పలుచని అసిటిక్ ఆమ్లముతో క్రమముగ శుద్ధిచేయ నారంభించిన పిమ్మట ఆ కుళ్లు న్యుమోనియా తగ్గినదని 1970లో తెలిపిరి. అసిటిక్ ఆమ్లమనగా వెనిగరులోని పులుపు. మందు కాదు, క్రొత్త యంత్రము కాదు. పాత్రను కడిగినందున మరణములు తగ్గినవి. వైద్యచరిత్రలో ఇంత చౌకయైన విజయములు అరుదు.

ఇది ఎట్లు జరుగునో కొంచెము ఆగి చెప్పవలెను. ఏలయన ఇచ్చట పొరపాటు పడువారు పెక్కుమంది. "ఆ నీరే మేము త్రాగుచున్నాము, మాకేమియు కాలేదు గదా!" అందురు. త్రాగిన నీరు కడుపులోనికి పోవును. అచ్చట దానికి ఆమ్లము కాపలా యున్నది. పీల్చిన గాలికి ముక్కు కాపలా. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో ఒక భాగమునకు మైక్రాను అని పేరు. మన వెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. పెద్ద రేణువులను ముక్కును గొంతును ఆపివేయును. 1 మొదలు 5 మైక్రానుల వఱకు గల బిందువులు మాత్రము ఆ కాపలాలన్నియు తప్పించుకొని లోతునకు పోగలవు. మందు అచ్చటికి చేరవలెననియే నెబ్యులైజరు అంత సన్నని బిందువులను చేయును. క్రిమి మందమో, ఒక మైక్రానునకు అటు నిటుగా నుండును. ఆ బిందువు క్రిమికి సరిపోయిన పల్లకి. ఆరోగ్యవంతుని ఊపిరి గొట్టములలో సన్నని కేశములవంటివి కదలుచు, వచ్చిన మలినమును పైకి త్రోయుచుండును. పొగచే చెడిన ఊపిరితిత్తులలో ఆ తుడుపు పని మందగించియుండును. కావలివాడు లేని యింటికి పల్లకిలో దొంగను పంపుట యెట్టిదో ఆలోచింపుడు.

శుద్ధజలము పోసినచో చాలునని మఱికొందఱు తలంతురు. దానికిని ఒక పాఠము కలదు. 1971లో అమెరికా పరిశోధకులు ఆసుపత్రి తుంపరయంత్రము నుండి తీసిన సూడోమొనాసు అను క్రిమి, ఆహారమేమియు లేదని మనము తలంచు డిస్టిల్డు వాటరులోనే త్వరితముగ పెరుగగలదని చూపిరి. నీటి శుద్ధి యెంత గొప్పదైనను, పోసిన పాత్రలో ఒక్క క్రిమి నిలిచియున్నచో రెండు దినములలో అది సంసారము చేసికొనును. చెఱువు రేవు మెట్లమీద పాకుడు చూచినవారికి ఇది తెలియనిది కాదు. పాకుడు పట్టిన మెట్టుపై ఎంత తేటనీరు పాఱినను పాకుడు పోదు. చేతితో రుద్దవలెను, ఎండ తగులవలెను. సీసా లోపల కంటికి కానరాని పాకుడు అట్టిదే.

కుళాయి నీటి సంగతియు బయటపడెను. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సభకు వచ్చినవారికి అంతుపట్టని న్యుమోనియా సోకి పలువురు మరణించిరి. మఱుసటి సంవత్సరము ఆ క్రిమిని కనుగొనిరి; తరువాత దానికి లెజియొనెల్లా అని పేరు పెట్టిరి. అది గోరువెచ్చని నీటి గొట్టములలో నివసించునది. శ్వాసయంత్రములలో కుళాయి నీరు పోసినందున రోగులకు ఈ వ్యాధి వచ్చిన వృత్తాంతము 1982లో షికాగో నుండి వెలువడెను. నెబ్యులైజరు గిన్నెలను కుళాయి నీటితో కడిగి తడిగానే వాడినందునను ఇట్లు జరిగినదని తరువాత మఱియొక ఆసుపత్రి వైద్యులు వ్రాసిరి. కావుననే గిన్నెను చివర జాడించు నీరు కాచి చల్లార్చినదై యుండవలెనని నేడు చెప్పుచున్నారు.

ఇంతవఱకు ఆసుపత్రి కథ. ఈ యంత్రములు ఇండ్లకు వచ్చుటకు కారణము 1980, 1981 సంవత్సరములలో అమెరికాలోను బ్రిటనులోను ప్రకటింపబడిన రెండు గొప్ప పరీక్షలు. రక్తమున ప్రాణవాయువు మిక్కిలి తగ్గిన సి.ఓ.పి.డి. రోగులకు దినమునకు పదునైదు గంటలు, అంతకు మించియు ఆక్సిజను ఇచ్చినచో ఆయువు పెరుగునని అవి నిశ్చయించినవి. దినమునకు పదునైదు గంటలనగా ఇంటిలోనే కావలెను గదా! ఇనుప సిలిండరులకు బదులు, గదిలోని గాలినుండియే నత్రజనిని వడగట్టి ఆక్సిజనును మిగిల్చు యంత్రములు వచ్చినవి. ఇట్లు ఆసుపత్రి యంత్రము ఇల్లు చేరెను. ఆసుపత్రిలో కడుగుటకు నియమమును నర్సును ఉండిరి. ఇంటికి యంత్రము వచ్చినది, నర్సు రాలేదు.

వెనిగరు మాత్రము వచ్చినది. ఒక భాగము వెనిగరునకు మూడు భాగముల నీరు కలిపి నానబెట్టుట పాశ్చాత్యుల యిండ్లలో చాలకాలము ఆచారమై యుండెను. సిస్టిక్ ఫైబ్రోసిసు అని పుట్టుకతోనే వచ్చు ఊపిరితిత్తుల వ్యాధి యొకటి కలదు. ఆ పిల్లలు దినమునకు అనేక పర్యాయములు నెబ్యులైజరు పట్టుదురు గనుక, ఇంటి పాత్రల శుద్ధిని గుఱించిన జ్ఞానము చాలవఱకు వారి తల్లులవలననే లోకమునకు వచ్చినది. 1996లో బ్రిటనులో అట్టి రోగుల యింటి నెబ్యులైజరులను పరీక్షింపగా, చాలవాటిలో క్రిములు దొరకినవి. కడుగుటయే గాక ఆఱబెట్టుటయందు శ్రద్ధ వహించిన యిండ్ల పాత్రలలో మాత్రము క్రిములు లేకుండుటయో, స్వల్పముగ నుండుటయో కనబడినది. 2003లో అమెరికాలో ఆ వ్యాధివారికై చేసిన నియమములలో వెనిగరును తీసివైచిరి. అది కొన్నిజాతుల క్రిములను చంపజాలదు. దాని స్థానమున నీటిలో ఐదు నిమిషములు మరిగించుట మొదలగునవి వచ్చినవి. మడ్జి కాలపు మరుగునీరే తిరిగి వచ్చినదన్నమాట.

మన దేశమున ఈ సంగతి ఒక్కమాఱుగా అందఱి నోళ్లకెక్కినది 2021 మే నెలలో. కరోనా రెండవ యుద్ధృతి తగ్గకముందే బ్లాక్ ఫంగసు అను బూజు వ్యాధి పైకొనెను. మే 20వ తేదీన తెలంగాణ ప్రభుత్వము దానిని తప్పక తెలియజేయవలసిన వ్యాధులలో చేర్చెను. ఆక్సిజను సీసాలోని మురికినీరే దానికి కారణమని ఊరూర చెప్పుకొనిరి. న్యాయముగ చెప్పవలెనన్న, అదుపు తప్పిన మధుమేహమును, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడులును ప్రధానకారణములని వైద్యులు నిర్ణయించిరి; నీటిపై నేరము ఋజువు కాలేదు. ఐనను భారత వైద్య పరిశోధన మండలి వారు ఆక్సిజను తడిపాత్రలో శుభ్రమైన, క్రిమిరహితమైన నీటినే వాడవలెనని ఆ నెలలోనే హెచ్చరించిరి. అది అంతకుముందును ఉన్న నియమమే. జనులు వినినది అప్పుడు.

ఆ దినములలోనే కాబోలు, నాకు వరుసకు అన్నగారైన యొకరి యింటికి పోయితిని. ఆయన ముక్కునకు ఆక్సిజను గొట్టము పెట్టుకొని కూర్చుండెను. యంత్రమునకు తగిలించిన సీసాలో నీరు బుడగలెత్తుచుండెను. నీటి రంగు నాకు నచ్చలేదు. కోడలి నడుగగా, "మామయ్యగారూ, అది కాశినుండి తెచ్చిన గంగ. గంగ ఎన్నేండ్లున్నను పాడుకాదందురు గదా! తగ్గినప్పుడెల్ల చెంబులోనిది కొంచెము కలుపుచున్నాను," అనెను. ఆమె భక్తిని నేను తప్పుపట్టలేదు. "అమ్మా, గంగ పవిత్రమే. సీసా అడుగున వ్రేలు పెట్టి చూడుము," అంటిని. చూచినది; వ్రేలు జాఱినది. ఆ సాయంకాలమే సీసా కడిగి బోర్లించి, మఱునాటినుండి కాచి చల్లార్చిన నీరు పోయనారంభించెను. ఆయన దగ్గు తగ్గినదా లేదా యని చెప్పి మెప్పు పొందుట నా యుద్దేశము కాదు. సీసాలో నీరు తగ్గినప్పుడు పైపైన కలుపుట యను పొరపాటు మనలో ఎంత సహజముగ జరుగునో చెప్పుటకే ఈ మాట యెత్తితిని.

మనము శుచి యెఱుగని జాతి కాదు. వంటపాత్ర తోమి ఎండలో బోర్లించని యిల్లాలు మన దేశమున లేదు. ఎంగిలి చెంబు మఱియొకరికి ఈయము. కాని మన మడి పెక్కుచోట్ల ఎవరు తాకిరి అను విచారమందే ఆగిపోయినది. ఏమి అంటుకొని యున్నది అను విచారమువఱకు పోలేదు. మడిగట్టుకొని పెరుగుగిన్నె ముట్టనీయని యింటనే, నలుగురు మనుమలకు ఒకే నెబ్యులైజరు మాస్కు తిప్పుట చూచితిని. నోటికి పెట్టుకొనిన మాస్కుకంటె ఎంగిలి యేమి కలదు? మనిషికొక మాస్కు, మనిషికొక గిన్నె యుండవలెను.

పాతకాలపు నిప్పును, ఎండను క్రొత్త పాత్రకు మరల అందించుటయే పని. మందు పట్టుట ముగిసిన పిమ్మట కూడ గిన్నె యడుగున కొంచెము ద్రవము మిగులును. రేపటికి పనికివచ్చునని దానిని దాచువారు కలరు. దాని చరిత్ర పైన చెప్పితిని. చేతులు సబ్బుతో కడుగుకొని, గిన్నె మూత తెఱచి, భాగములన్నియు విడదీసి, మిగిలినది పాఱబోసి, గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోము ద్రవపు సబ్బు కొంచెము వేసి కడుగవలెను. చివర కాచి చల్లార్చిన నీటితో జాడించి, విదిలించి, శుభ్రమైన పొడిబట్టపై గాలి తగులునట్లు ఆఱనీయవలెను. బూడిద, చింతపండు, పీచు ఇత్తడికి మంచివి. ఈ ప్లాస్టికునకు గీతలు పెట్టును, గీతలలో పాకుడు చేరును. దినమునకొకమాఱు, తయారుచేసినవారు మరిగింపవచ్చునని చెప్పిన భాగములను మాత్రము ఐదు నిమిషములు మరిగింపవలెను. మాస్కును, పొడవైన గొట్టమును, విద్యుత్తుతో నడచు పెట్టెను నీటిలో వేయరాదు. మాస్కును సబ్బునీటితో కడిగిన చాలును.

ఆక్సిజను యంత్రపు సీసాకు వేఱు లెక్క. ప్రతిదినమును ఉన్న నీరంతయు పాఱబోసి, సీసాను సబ్బుతో కడిగి జాడించి, డిస్టిల్డు వాటరు గాని, కాచి చల్లార్చిన నీరు గాని గీత వఱకు పోయవలెను. వాడకము లేని దినములందు సీసా పొడిగా నుండవలెను. నీరు పోసి యుంచరాదు. యంత్రము వెనుక గాలి దూఱు తావున స్పంజివంటి వడపోత యుండును. వారమునకొకమాఱు దానిని తీసి సబ్బునీట పిండి, పూర్తిగ ఆఱిన పిదప పెట్టవలెను. పల్లెదుమ్ములో ఇంకను తఱచుగ చేయవలసివచ్చును. మఱియొక మాట, శుద్ధికి చెందకున్నను విడువరానిది: ఆక్సిజను నడచు గదిలో చుట్ట, అగ్గిపుల్ల, దీపారాధన కూడదు. దేవుని గూటికడ యంత్రమును పెట్టినవారు చోటు మార్చవలెను. ముక్కు ఎండినదని నూనె గాని, నేయి గాని, వాజలీను గాని పూయరాదు.

ఓజోను వాయువుతోను, అతినీలకాంతితోను శ్వాసయంత్రములను తమంతట తామే శుభ్రముచేయు పెట్టెలని కొన్ని బజారులో కానవచ్చును. రాత్రి నిద్రలో ఊపిరి యాడించు యంత్రములకై అట్టి పెట్టెలు అమ్ముటకు తాము అనుమతి యీయలేదని అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖవారు 2020 ఫిబ్రవరిలో ప్రకటించిరి. ఓజోను ఊపిరితిత్తులను మండించునది. ఆయాసపువాని యింట దానిని పుట్టించుట నాకు తెలివైన పనిగ తోచదు. అంతటి వెల పెట్టుటకంటె రెండు గిన్నెలు కొని, ఒకటి వాడుచుండగా రెండవది ఆఱునట్లు వంతులు వేసికొనుట మేలు.

ఇక పొడవైన గొట్టము సంగతి. దానిని కడుగరాదంటిమి గనుక, లోపల తడి పట్టినచో ఏమిచేయవలెనని అడుగుదురు. గిన్నెను ఊడదీసి, గొట్టమును యంత్రమునకు తగిలించియే యుంచి, రెండు మూడు నిమిషములు ఉత్తగాలి నడువనీయవలెను. ఆ గాలియే దానిని ఆర్చివేయును. ఎంత నడిపినను తడి పోకున్నను, లోపల మరకలు కనబడినను ఆ గొట్టము పాఱవేసి క్రొత్తది తెచ్చుకొనవలెను.